నేను చెడ్డదని చెప్పిన రోజు

ఇరవై ఏళ్ళు దాటింది. ఇంతకాలం ఈ బరువు నాతోనే లేచింది, నాతోనే పడుకుంది. నా భార్యకు చెప్పలేదు. ఆమె తెలియకుండానే పోయింది. పిల్లలకు చెప్పలేదు. పదహారో ఏట నుంచి రోజూ డైరీ రాస్తున్నవాణ్ణి, ఆ డైరీకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. మిగిలినవారి పేర్లు మార్చాను. తక్కినదంతా జరిగింది జరిగినట్టే.

ఒక మంచి రోజును చెడ్డ రోజని చెప్పాను. నేను చేసింది అంతే. వినడానికి ఎంత చిన్నగా ఉందో చూడండి. ఆ మాట వల్ల ఒక మనిషి పదకొండు రోజులు ఆలస్యంగా బయలుదేరాడు. తిరిగి రాలేదు. ఆ ఆలస్యానికి కారణం తానేనని అతని భార్య ఇప్పటికీ నమ్ముతోంది.

మా తాత విశాఖ దగ్గరి పల్లె నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికి వచ్చాడు. నాన్న సెంబవాంగ్ నౌకా స్థావరంలో స్టోర్ కీపరు. నేను పుట్టింది, చదివింది, ముసలివాణ్ణయింది అంతా సింగపూర్లోనే. నాన్న నాకు రెండు విద్యలు నేర్పాడు. జాబితా రాయడం ఒకటి, పంచాంగం చూడడం రెండోది. మా బంధువులు శ్రీకాకుళం నుంచి ఏటా పంచాంగం పంపేవారు. అందులోని వేళలకు రెండున్నర గంటలు కలిపి ఇక్కడి కాలానికి సరిచూసుకోవాలి. అది చేయగలిగినవాళ్ళు ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురే ఉండేవారు. నేనొకణ్ణి.

అవి ఐటీ ఊపు మీదున్న రోజులు. వై టూ కే గండం ఏమీ కాకుండా దాటిపోయింది. గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో ఇంజినీర్లు దిగేవారు. ఫ్లాటులో పాలు పొంగించాలన్నా, పసిపిల్లకు పేరు పెట్టాలన్నా, కొత్త ఉద్యోగంలో చేరాలన్నా ఫోను నాకే వచ్చేది. "అంకుల్, ఈ గురువారం బాగుందా?" అనేవారు. నేను పుస్తకం చూసి చెప్పేవాణ్ణి. ఎవరూ నన్ను తిరిగి ప్రశ్నించలేదు. ఆ నమ్మకం నాకు బాగుండేది. ఎంత బాగుండేదో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఉద్యోగం మాత్రం వేరు. దూరదేశాల్లో వేట యాత్రలు ఏర్పాటు చేసే ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. జీవితంలో నేను తుపాకీ పట్టుకోలేదు. ఒక్క జంతువును చంపలేదు. ఎవరు, ఎప్పుడు, ఏ దారిన వెళ్ళాలి, ఎన్ని లీటర్ల నీళ్ళు, ఎన్ని జతల మేజోళ్ళు, ఎవరి అనుమతి ముందు, ఎవరిది తరువాత, ఇదీ నా పని. నాదొక పద్ధతి ఉండేది. ఉదయం రాగానే ఆ రోజు పనులన్నీ వరుసగా రాసేవాణ్ణి. పూర్తయినదాని పక్కన ఎర్ర సిరాతో టిక్కు. టిక్కు పడ్డ పనిని మళ్ళీ చూసేవాణ్ణి కాదు. అలా చూడనక్కర్లేకపోవడమే ఆ పద్ధతిలోని సుఖం.

మా యజమాని మేనల్లుడు కెల్విన్ అప్పుడే ఆఫీసుకు కంప్యూటర్లు తెచ్చాడు. నా బల్ల పక్కన నిలబడి నా జాబితాలు చూసి నవ్వేవాడు. ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర 'లా' తగిలించి అనేవాడు. "అంకుల్, కంప్యూటర్ మర్చిపోదు లా. మనుషులే మర్చిపోతారు." నేను కూడా నవ్వేవాణ్ణి. "ముప్ఫై ఏళ్ళలో ఒక్కటి చూపించు నాయనా, నేను మర్చిపోయింది" అనేవాణ్ణి. అతను చూపించలేకపోయేవాడు.

సుధాకర్ మా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. గుంటూరు వైపు మనిషి. ముప్ఫై ఎనిమిదేళ్ళు. తాను పెట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీని పెద్ద కంపెనీకి అమ్మేసి, పదేళ్ళలో మొదటిసారి ఖాళీగా ఉన్నాడు. మంగోలియా దక్షిణాన గోబీ ఎడారిలో కొండలున్నాయి. ఆ కొండల్లో వెనక్కి వంగిన పెద్ద కొమ్ముల కొండమేక ఉంటుంది. దాన్ని వేటాడాలని అతని కోరిక. ఎందుకని అడిగితే, "ఇన్నేళ్ళూ కదలని తెర ముందు కూర్చున్నానంకుల్, ఒక్కసారి కదిలేదాని వెనక పడాలి" అన్నాడు. నాకు నచ్చాడు.

ఆ ప్రణాళిక నేను వేసినవాటన్నిటిలోకి గొప్పది. ఈ మాట అనడానికి నాకు హక్కు లేదు. అయినా నిజం. ఆ కొండల్లో చెట్టు ఉండదు. నీళ్ళు రెండే చోట్ల దొరుకుతాయి. కిలోమీటరు దూరంలో రాయి జారినా కొండమేక తలెత్తుతుంది. గాలికి ఎదురుగా, ఎండ వీపున పడేలా ఎక్కాలి. ఏ వేళకు ఏ వాలు మీద ఎండ పడుతుందో మ్యాపు మీద పెన్సిలుతో గీశాను. జీపు పైదాకా పోదు. కింది మకాములో వదిలి ఒక రోజంతా నడవాలి. అక్కడి వేట మార్గదర్శి గన్‌బాత్ ఆ కొండల్లోనే పెరిగినవాడు. అతను రాసిన ప్రతి ఉత్తరంలో ఒక మాట ఉండేది. పై లోయలో పశువుల కాపరుల కుటుంబాలు రెండు గుడారాలు వేసుకుని ఉంటాయి. వాళ్ళకు గుర్రాలున్నాయి, ఒక మోటారు సైకిలు ఉంది. ఏదైనా జరిగితే వాళ్ళే దిక్కు. చలి ముదరగానే వాళ్ళు దిగువకు వెళ్ళిపోతారు. కాబట్టి అంతకు ముందే రండి. నా ప్రణాళికలో 'ప్రమాదం జరిగితే' అన్న పేజీ మొత్తం ఆ రెండు గుడారాల మీదే నిలబడి ఉంది.

వేటకు అనుమతి కావాలి. వేటగాడి పేరు, లోయ పేరు, ఒకే ఒక్క జంతువు అని రాసి, పాస్‌పోర్టు నకళ్ళు జతచేసి అక్కడి కార్యాలయానికి పంపాలి. కవరు సిద్ధం చేశాను. ఆ రోజు పనుల్లో నాలుగోది అదే. కొరియర్ మనిషి పదకొండుకు వస్తాడు. ఎలాగూ వస్తాడు కదా అని, ఉదయం తొమ్మిదిన్నరకే దాని పక్కన టిక్కు పెట్టాను.

అలా ఎప్పుడూ చేయలేదు. ఆ రోజు ఎందుకు చేశాను? ఎన్నోసార్లు అడిగాను నన్ను నేను. చెయ్యి ముందుకు పోయింది, అంతే. తరువాత సుధాకర్ బూట్ల గురించి ఫోన్ చేశాడు. మాట్లాడుతూ మ్యాపు మడిచి సొరుగులో పెట్టాను. మడతలో కవరు కూడా వెళ్ళిపోయింది. కొరియర్ మనిషి వచ్చి ట్రేలో ఉన్నవి తీసుకుపోయాడు. నా పుస్తకంలో టిక్కు ఉంది. ఇక ఆ కవరు గురించి నేను ఆలోచించలేదు.

మళ్ళీ మ్యాపు విప్పింది మూడు వారాల తరువాత. కవరు జారి నా ఒళ్ళో పడింది.

ఆ క్షణం ఇంకా ఒంటికి తెలుస్తుంది. చెవులు వేడెక్కాయి. పక్క బల్ల దగ్గర కెల్విన్ ఏదో టైపు చేస్తున్నాడు. కవరును పుస్తకం కింద పెట్టి, లేచి, మంచినీళ్ళు తాగి వచ్చాను. లెక్క వేశాను. ఇప్పుడు పంపితే అనుమతి వచ్చేసరికి ప్రయాణం తేదీ దాటి పది రోజులవుతుంది. మరునాడే కొత్త కవరు పంపాను. ఎవరికీ చెప్పలేదు. కానీ సుధాకర్‌కు చెప్పక తప్పదు. తప్పు నాదేనని, తేదీ జరపాలని, లేదా వచ్చే ఏడు వెళ్ళాలని చెప్పాలి. ఆదివారం వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. అక్కడ చెబుదామనుకున్నాను. నమ్మండి. నిజం చెప్పడానికే వెళ్ళాను.

వాళ్ళ ఫ్లాటు బిషాన్‌లో. నేను వెళ్ళేసరికి సుధాకర్ కొండ నడకకు సాధనగా హాల్లో వీపున సంచి తగిలించుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. ఏడేళ్ళ కూతురు నిత్య వెనకాలే చుట్లు లెక్కపెడుతోంది. అతని భార్య పద్మజ పప్పు తాలింపు వేస్తోంది.

"ఇందులో ఇరవై కేజీల సోనామసూరి ఉందంకుల్. మేక దొరక్కపోతే అక్కడే వండుకు తింటాం" అన్నాడు సుధాకర్.

"ఆ బియ్యం మళ్ళీ డబ్బాలో పొయ్యి. రోజూ నేనే ఎత్తిపొయ్యాలి" అని వంటింట్లోంచి పద్మజ.

భోజనాలకు కూర్చున్నాం. నేను గొంతు సవరించుకున్నాను. అప్పుడే, నాకు నెయ్యి వడ్డిస్తూ ఆమె అడిగింది.

"అంకుల్, బయలుదేరే రోజు మీరు చూసే ఉంటారు కదా. బాగుందా?"

చూశాను. ముందే చూశాను. సుధాకర్ జన్మనక్షత్రం హస్త. ఆ రోజు నక్షత్రం విశాఖ. హస్త నుంచి లెక్కిస్తే నాలుగోది. క్షేమ తార. ప్రయాణానికి ఇంతకన్నా ఏం కావాలి?

"అది చెబుదామనే వచ్చానమ్మా" అన్నాను. "ఆ రోజు తారాబలం లేదు. నైధన తార పడింది."

గరిటె పట్టుకున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. నైధనం అంటే చావు. తెలుగింట పుట్టినవాళ్ళకు ఆ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

సుధాకర్ నవ్వాడు. "నాది హస్తా నక్షత్రమని ఆ మేకకు ఎవరు చెప్పారంకుల్?"

"నువ్వూరుకో. అంకుల్, మళ్ళీ ఎప్పుడు బాగుంది?"

"పదకొండు రోజుల తరువాత."

"గైడు ముందే రమ్మన్నాడుగా? చలి వచ్చేస్తుందన్నాడు" అన్నాడు సుధాకర్. నవ్వు లేదు ఈసారి. నావైపు చూశాడు.

"పదకొండు రోజులకే ఏం మునిగిపోదు" అన్నాను.

"నా మాట విను. నాకోసం మార్చుకో" అంది పద్మజ. తరువాత నాతో, "టికెట్లు, పర్మిట్లు అన్నీ తిరగరాయాలి కదా. మీకు పెద్ద ఇబ్బంది పెడుతున్నానంకుల్" అంది.

"నేను చూసుకుంటానమ్మా."

"సరే తల్లీ, నీ కోసమే" అన్నాడు సుధాకర్.

అదీ జరిగింది. ఎంత తేలిగ్గా జరిగిందో చూశారా? నేను తేదీ మార్చమని అడగనే లేదు. వాళ్ళే నన్ను బతిమాలారు. నా తప్పు ఆమె కోరికగా మారిపోయింది. లిఫ్టులో దిగుతూ నాకు కలిగింది భయం కాదు, హాయి. ముప్ఫై ఏళ్ళలో ఒక్కటీ మర్చిపోని మనిషిగానే మిగిలానన్న హాయి. కెల్విన్‌తో మర్నాడు అన్నాను, క్లయింటు ఇంట్లో మంచిరోజుల పట్టింపు, తేదీ మార్చాలి అని. "ఇండియన్ కస్టమర్స్, అయ్యో!" అని నవ్వి అతను కొత్త తేదీలు కంప్యూటర్లో ఎక్కించాడు.

గన్‌బాత్‌కు రాశాను. కాపరుల కుటుంబాలు అప్పటికి ఉంటాయా అని అడిగాను. ఉండొచ్చు, ఉండకపోవచ్చు, మంచును బట్టి అని జవాబు. నేను 'ఉండొచ్చు' అన్న మాటనే చదివాను. 'ప్రమాదం జరిగితే' పేజీలో తేదీలు మార్చాను, తక్కినది అలాగే ఉంచాను. రెండో జీపు అడగవచ్చు. ఒక మనిషిని పైన కాపలా ఉంచమనవచ్చు. అడిగితే ఎందుకన్న ప్రశ్న వస్తుంది. అది వస్తే మొదటి నుంచీ అంతా బయటికొస్తుంది.

వేట మొదలైన ఆరో రోజున సుధాకర్ రాళ్ళ వాలు మీద జారాడు. తొడ ఎముక విరిగింది. వైర్‌లెస్ మాటలు ఆ కొండ మలుపులు దాటలేదు. గన్‌బాత్ అతన్ని వీపున వేసుకుని, దగ్గర్లోనే ఉన్న గుడారాల చోటుకు దిగాడు. అక్కడ ఎవరూ లేరు. నాలుగు రోజుల కిందటే వెళ్ళిపోయారు. గుడారాలు వేసిన చోట నేల మీద గుండ్రటి మచ్చలు రెండు మాత్రం ఉన్నాయట. అక్కడ నుంచి జీపు వైపు ఒంటరిగా మోసుకుంటూ నడిచాడు. రెండో రోజు మధ్యాహ్నం దారిలో సుధాకర్ పోయాడు. చివరి గంటల్లో తెలుగులో ఏదో మాట్లాడాడట. అదేమిటో గన్‌బాత్‌కు అర్థం కాలేదు. అందుకని ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ముందే వెళ్ళి ఉంటే జారేవాడు కాదా? చెప్పలేను. జారి, గుర్రం దొరికి ఉంటే బతికేవాడా? వైద్యుల్ని అడిగాను, వేరే ఎవరి కథో అన్నట్టు. బతకవచ్చు అన్నారు ఒకరు. కాలు పోయినా మనిషి దక్కేవాడన్నారు ఇంకొకరు. ఎన్నేళ్ళు ఈ 'అయితే'ల చుట్టూ తిరిగానో. అవి నాకొక ఆశ్రయం. అంత దూరాన కొండ మీద రాయి జారడానికి నేను బాధ్యుణ్ణా అని వాదించుకోవచ్చు. వాదించలేనిది ఇంకొకటి ఉంది. అది బిషాన్‌లోని ఆ హాల్లోనే జరిగింది, అతను పోయాక పదకొండో రోజున.

ఆడవాళ్ళు ఆమె చుట్టూ కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆమె లేచి వచ్చింది. ఏడవడం లేదు. "ఆయన ముందే వెళ్తానన్నారంకుల్. నేనే ఆపాను" అంది.

చెప్పడానికి అదే సమయం. ఆమె నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. నా నోటి నుంచి వచ్చిన మాట, "అంతా రాసిపెట్టి ఉంటుందమ్మా."

మొదటిది తప్పు. ఇది పాపం. మొదటిదానికి తొందర, భయం ఉన్నాయి. దీనికి ఏమున్నాయి? ఆమె తలూపి, వెళ్ళి తన చోట కూర్చుంది.

అప్పటి నుంచి ఏటా అతని తిథికి నేనే తేదీ చెప్పాను. ఆ ఇంట్లో భోజనం చేశాను. ఆమె ట్యూషన్లు చెప్పుకుని కూతుర్ని చదివించింది. ఆమెలో ఒక మార్పు వచ్చింది, అది నాకు మాత్రమే అర్థమయింది. ఆమె దేనికీ అవుననదు, కాదనదు. సైన్సు తీసుకోనా అని నిత్య అడిగితే, "నన్ను అడక్కు." ఆస్ట్రేలియా వెళ్ళి చదవనా అంటే, "నీ ఇష్టం." ఈ అబ్బాయిని చేసుకోనా అంటే, "నేను చెప్పను." ఒక్కసారి చెప్పి చూసింది కదా.

గత నెల నిత్య ఉండే పుంగ్గోల్ వెళ్ళాను. ఆమెకు రెండో కాన్పు దగ్గరపడింది. టీ ఇస్తూ మామూలుగా అంది. "అమ్మను వచ్చి ఉండమని త్రీ టైమ్స్ అడిగాను అంకుల్. యెస్ అనదు, నో అనదు. షి నెవర్ కేర్డ్ లా. చిన్నప్పటి నుంచీ అంతే." ఏడుపు కూడా లేదు ఆ గొంతులో. ఎప్పుడో తేల్చుకున్న సంగతిలా చెప్పింది. తల్లికి తనమీద ప్రేమ లేదని ఆ పిల్ల ఇరవై ఏళ్ళుగా అనుకుంటోంది. నేను టీ తాగి, కప్పు కడిగి పెట్టి వచ్చాను.

ఇంటికి వచ్చి సుధాకర్ పోయిన ఏటి డైరీ తీశాను. ఆ ఆదివారం పేజీలో నా దస్తూరిలో ఇలా ఉంది: 'సుధాకర్ ఇంట భోజనం. ప్రయాణం పదకొండు రోజులు వాయిదా. పద్మజ పట్టుదల.' అంతే. నాకు నేను రాసుకునే పుస్తకంలో కూడా నేరం ఆమెమీదే మోపాను. ఎవరు చదువుతారని? పట్టుదల అట. ఆమె నా పంచాంగాన్ని నమ్మింది, అంతేగా. ఇన్ని వేల పేజీల్లో ఇంకెక్కడెక్కడ ఇలా రాశానో ఇప్పుడు నాకే తెలియదు.

ఇంతవరకు రాసింది శుద్ధప్రతి తీసి బిషాన్ వెళ్ళాను. మీకన్నా ముందు చదవవలసిన మనిషి ఆమె. పొద్దున పదిన్నర. చేతికి ఇచ్చి, నేనున్నప్పుడే చదవమన్నాను. కళ్ళజోడు తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు. ఒకచోట వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. ఏ చోటో నాకు కనబడలేదు. చివరి కాగితం తిరగేసి, వెనక ఏమైనా ఉందేమోనని చూసింది.

కాగితాల అంచులు సరిచేసింది. తరువాత, నావైపు చూడకుండా అంది. "ఇవి నా దగ్గరే ఉంటాయి. నిత్యకి నేను చెప్తాను. మీరు దానికి ఫోన్ చెయ్యొద్దు. ఇంక ఇక్కడికి రావొద్దు."

సరేనన్నాను. చెప్పులు వేసుకుంటుంటే లోపల ఆమె ఫోన్లో మాట్లాడడం వినబడింది. "నిత్యా, ఇవాళ ఎక్కడికీ వెళ్ళకు. నేను వస్తున్నా" అంటోంది. తలుపు నేనే దగ్గరికి వేశాను.

క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు, ఆమె ఇవ్వవలసిన పనీ లేదు. ఏటా ఆ ఇంటికి వెళ్ళే ఒక్క తలుపు నాకు మూసుకుపోయింది, అది న్యాయమే. ఇంటికి వచ్చి, మీకోసం ఈ నాలుగు ముక్కలు కలిపి, ఇవాళ్టి డైరీ రాశాను. నేను చేసింది, నా పేరుతో, ఒక్క వాక్యం.